నాడీనాళం మూసుకునే వేళ

అరకులోయలో జరిగిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం



జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకునే సభలు సాధారణంగా నగరాల్లో జరుగుతాయి. ఈసారి తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఈ లోయలో జరపాలని నిర్వాహకులు తలపెట్టడం ఎంతో ఉచితంగా ఉంది. ఆయన బృందం ప్రపంచానికి ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ ఈ కొండల్లోని ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోనూ ఉంది. గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు అదే ఉంటుంది. ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలు వారానికొకటి వేసుకునే నీలి మాత్రలోనూ అదే. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు రోజూ ఇచ్చే పసుపు మాత్ర కూడా అదే. ఇన్ని చేతుల మీదుగా నడుస్తున్న ఆ మందును గురించి, అది కాపాడవలసిన ఒక అతి సున్నితమైన ఘట్టాన్ని గురించి మాట్లాడటానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

నేను ఇవాళ మీ ముందు ఉంచదలచిన ప్రతిపాదన ఒక్కటే. తల్లి కడుపులో శరీరం కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల వల్ల రూపుదిద్దుకుంటుంది. ఆ సంకేతాలు చాలావరకు కణాలు స్రవించే ప్రోటీన్లు, కణాల ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లు. వాటికి చోటు ఎంత ముఖ్యమో సమయమూ అంతే ముఖ్యం. మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం మూసుకునే ఘట్టం ఫలదీకరణ జరిగిన 28 రోజులకు ముగిసిపోతుంది. మన ఆరోగ్య వ్యవస్థ మాత్రం గర్భం నమోదైన రోజు నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఈ రెండు లెక్కల మధ్యనున్న ఎడం పూడ్చకుండా సుబ్బారావు గారి మందు పూర్తి ఫలితం ఇవ్వలేదు.

ముందుగా శాస్త్ర చరిత్రలోకి వెళదాం. 1924లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో హాన్స్ స్పేమాన్, ఆయన శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. న్యూట్ అనే ఉభయచరం పిండంలో వీపు భాగంగా మారవలసిన చిన్న తునకను తీసి, వేరే రంగున్న మరో జాతి న్యూట్ పిండం పొట్ట వైపున అతికించారు. కొన్నాళ్లకు ఆ పొట్ట మీద రెండో పిండం లేచింది. దానికి వెన్ను ఉంది, నాడీనాళం ఉంది. విశేషమేమిటంటే, ఆ రెండో పిండం దేహంలో ఎక్కువ భాగం అతికించిన తునకది కాదు; ఆతిథ్యమిచ్చిన పిండం కణాలదే. పొట్ట చర్మం కావలసిన కణాలు పొరుగున ఉన్న తునక ప్రభావంతో మెదడుగా, వెన్నుపాముగా మారిపోయాయి. ఈ ప్రయోగం తన చేతులతో చేసిన మాంగోల్డ్ అదే ఏడాది ఇంట్లో స్టవ్ ప్రమాదంలో కాలి మరణించింది. 1935లో స్పేమాన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

పొరుగు కణాలకు ఆ తునక ఏం చెప్పింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. 1930లలో యూరప్ ప్రయోగశాలలు ఆ రసాయనం కోసం తీవ్రంగా వెతికాయి. చంపిన తునకలు కూడా పనిచేశాయి. ఏ సంబంధమూ లేని ఇతర జంతువుల కణజాలమూ పనిచేసింది. అన్నీ పనిచేస్తుంటే అసలైనది ఏదో తేల్చడమెలా? ఒక తరం శాస్త్రవేత్తలు నిరాశతో ఆ దారి వదిలేశారు. చివరికి 1992లో కాలిఫోర్నియాలో రిచర్డ్ హార్లాండ్ ప్రయోగశాల నాగిన్ అనే ప్రోటీనును, 1994లో ఎడ్డీ డి రాబర్టిస్ ప్రయోగశాల కార్డిన్ అనే మరో ప్రోటీనును కనుగొన్నాయి. రెండూ ఆ తునకలోని కణాలు బయటికి స్రవించేవే. అవి చేసే పని ఎవరూ ఊహించనిది. 'నాడిగా మారు' అని అవి ఏ కణానికీ చెప్పవు. పిండం పైపొరలో బీఎంపీ అనే మరో స్రావక ప్రోటీను 'చర్మంగా మారు' అని చెబుతూ ఉంటుంది. నాగిన్, కార్డిన్ కణాల బయటే ఆ బీఎంపీని పట్టుకుని, అది గ్రాహకాన్ని చేరకుండా ఆపుతాయి. చర్మంగా మారమన్న ఆజ్ఞ అందని కణాలు నాడీకణాలవుతాయి. మన మెదడు ఇలా ఒక ఆజ్ఞ ఆగిన చోట మొదలవుతుంది. జీవశాస్త్రంలో ఇంతకన్నా గంభీరమైన సత్యాలు కొద్దిగానే ఉంటాయని నా నమ్మకం.

ఈ సంకేతాలు ఎన్ని రకాలు? ఇంత క్లిష్టమైన శరీరాన్ని కట్టడానికి వేలకొద్దీ సంకేతాలు కావాలని అనిపిస్తుంది. కానీ ప్రధానమైనవి కొద్ది కుటుంబాలే. ఈ సంగతి మొదట ఈగ ద్వారా తెలిసింది. 1980లో హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ పండ్ల ఈగలో చెడిపోతే శరీర ఖండాలు అస్తవ్యస్తమయ్యే జన్యువుల జాబితా ప్రకటించారు. వాటిలో హెడ్జ్‌హాగ్ ఒకటి. 1993లో దాని వంశానికి చెందిన సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు వెన్నెముక ఉన్న జంతువుల్లో దొరికింది. ఈగ దేహంలో గీతలు దిద్దిన ప్రోటీనుకు బంధువైనదే మన వెన్నుపాములో ఏ నాడి ఎక్కడ ఉండాలో, చేతికి ఏ వేలు ఎటు ఉండాలో నిర్ణయిస్తుంది. ఈగకు రెక్క నిచ్చే వింగ్‌లెస్, ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో దొరికిన ఇంట్-1 ఒకే జన్యువని తేలినప్పుడు వింట్ కుటుంబం వెలుగులోకి వచ్చింది.

ఈ కృషిలో మన తెలుగు నేలకూ వాటా ఉంది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎల్.ఎస్. శశిధర బృందం ఏళ్ల తరబడి ఒకే ప్రశ్నను పట్టుకుని పనిచేసింది. ఈగకు ముందు జత రెక్కలుగా, వెనుక జత ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గుబ్బలుగా ఎందుకు మారాయి? అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు వెనుక జతలో వింగ్‌లెస్, డీపీపీ వంటి స్రావక ప్రోటీన్ల సంకేతాలను అనేక మెట్లలో అణచివేస్తుందని వారు చూపారు. డీపీపీ మన బీఎంపీకి ఈగలోని బంధువు. సంకేతం పుట్టిందా లేదా అన్నదొక్కటే కాక, ఎంత దూరం పాకింది, ఎంతసేపు నిలిచింది అన్నది కూడా అవయవపు ఆకారాన్ని నిర్ణయిస్తుందని ఆ పని బోధిస్తుంది.

ఎంత దూరం పాకాలి అన్న ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం. స్రవించిన ప్రోటీను నీటిలో కలిసి ఎటుపడితే అటు పోతే దానికి అర్థం ఉండదు. అందుకే ఈ ప్రోటీన్లు కణాల ఉపరితలాన్ని పట్టుకుని ఉంటాయి. 1996లో ఫిలిప్ బీచీ బృందం హెడ్జ్‌హాగ్ ప్రోటీనుకు ఒక చివర కొలెస్టరాల్ అణువు అతుక్కుని ఉంటుందని కనుగొంది. రెండో చివర ఒక కొవ్వు ఆమ్లం ఉంటుంది. వింట్ ప్రోటీన్లకూ కొవ్వు తగులుకుని ఉంటుందని 2003లో రూల్ నుస్సె బృందం చూపింది. కణత్వచం కొవ్వుతో చేసినదే కాబట్టి ఈ ప్రోటీన్లు కణం వెలుపలికి వచ్చినా దాని పైపొరను వదలవు. ఆ పొరమీదే గ్లైపికన్లు అనే మరో రకం ప్రోటీన్లు జీపీఐ అనే కొవ్వు లంగరుతో కణత్వచానికి కట్టుబడి ఉంటాయి. వాటి నుంచి పొడవైన చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఆ గొలుసులు వింట్‌ను, హెడ్జ్‌హాగ్‌ను, బీఎంపీని పట్టుకుని ఒక కణం నుంచి మరో కణానికి అందిస్తాయి, అవసరమైన చోట అడ్డుకుంటాయి కూడా. మనుషుల్లో గ్లైపికన్-3 లోపిస్తే పుట్టక ముందు నుంచే శరీరం అదుపు తప్పి పెరుగుతుంది. జీపీఐ లంగరును గుర్తుంచుకోమని కోరుతున్నాను. ఇంకాసేపట్లో సుబ్బారావు గారి కథ మనల్ని మళ్లీ దాని దగ్గరికే తీసుకువస్తుంది.

సంకేతానికి సమయం ఎంత ప్రాణప్రదమో చూపడానికి కొండల కథే ఒకటి ఉంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1950లలో ఎత్తైన పచ్చికబయళ్లలో మేసిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టసాగాయి. కాపరుల ఫిర్యాదు విని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికారు. వెరాట్రమ్ అనే అడవి మొక్కను గొర్రె గర్భం దాల్చిన 14వ రోజున తింటేనే ఈ కీడు జరుగుతుందని తేలింది. అటూ ఇటూ కొన్ని రోజుల తేడా వస్తే పిల్లకు ఒంటికన్ను రాదు. ఆ మొక్కలోని విషానికి సైక్లోపమీన్ అని పేరుపెట్టారు. అది హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని కణంలోకి చేరకుండా ఆపుతుందని 1998లో రుజువైంది. ముఖం మధ్యలో ఒక కంటిని రెండుగా విడదీయవలసిన సంకేతం ఆ ఒక్క రోజు అందకపోతే ఇక ఎన్నటికీ అందదు. మేకలనూ గొర్రెలనూ కొండవాలున మేపే మీకు ఇది దూరపు కథగా అనిపించదనుకుంటాను.

ఇప్పుడు మనిషి పిండానికి వద్దాం. ఫలదీకరణ జరిగిన మూడో వారంలో పిండం వీపున నాడీఫలకం అనే చదునైన పొర ఏర్పడుతుంది. దాని కింద పృష్ఠవంశం అనే కడ్డీ ఉండి సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను స్రవిస్తుంది. పైపొర నుంచి బీఎంపీ వస్తుంది. మధ్యలో నాగిన్ దాన్ని కొన్నిచోట్ల ఆపుతుంది. వింట్ కుటుంబపు సంకేతాలు కణాలను వరుసలో సర్దుకోమని చెప్పి ఫలకాన్ని సన్నగా, పొడవుగా చేస్తాయి. అప్పుడు ఫలకం నడుమ ఒక గాడి పడుతుంది. అంచులు లేస్తాయి. అడ్డాకును దొప్పగా మడిచినట్టు ఆ పొర ముడుచుకుని, రెండు అంచులూ కలిసి నాడీనాళం అనే గొట్టమవుతుంది. ఎక్కడ మడత పడాలో నిర్ణయించేది సోనిక్ హెడ్జ్‌హాగ్‌కూ బీఎంపీకీ నాగిన్‌కూ మధ్యనున్న తూకమే. 22వ రోజుకు మూసుకోవడం మొదలవుతుంది. తల వైపు కొస 25వ రోజుకు, తోక వైపు కొస 28వ రోజుకు అటూ ఇటూగా మూతపడతాయి.

తల వైపు మూసుకోకపోతే మెదడు పెరగదు. ఆ బిడ్డ బతకదు. కింది వైపు మూసుకోకపోతే వెన్ను తెరిచి ఉండిపోతుంది. దాన్ని స్పైనా బైఫిడా అంటారు. ఆ బిడ్డకు కాళ్లలో కదలిక, మల మూత్రాలపై అదుపు దెబ్బతింటాయి. శస్త్రచికిత్స వెన్నును మూయగలదు, పోయిన నరాలను తిరిగి ఇవ్వలేదు.

రోజులను ఒకసారి లెక్కవేయండి. నెలసరి సక్రమంగా వచ్చే స్త్రీకి ఫలదీకరణ జరిగిన రెండు వారాలకు నెల తప్పుతుంది. మరో రెండు వారాలకు నాడీనాళం మూసుకోవడం పూర్తవుతుంది. అంటే నెల తప్పిందేమోనని ఒక ఇల్లాలు లెక్కపెట్టుకుంటూ, అత్తగారికి చెప్పాలా వద్దా అని ఆలోచించే ఆ పద్నాలుగు రోజుల్లోనే అంతా జరిగిపోతుంది.

ఇక సుబ్బారావు గారి దగ్గరికి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. యవ్వనంలో ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే సంగ్రహణి రోగం బలిగొంది. అది ఆయననూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. పేగులు ఆహారంలోని సారాన్ని, ముఖ్యంగా ఫోలిక్ యాసిడ్ సహజ రూపమైన ఫోలేట్‌ను, గ్రహించలేకపోవడం ఆ రోగ లక్షణమని అప్పటికి ఎవరికీ తెలియదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తోనే బయటికి వచ్చారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. జీవకోటికి శక్తి నిచ్చే ఏటీపీని 1929లో వెలికితీసిన వారిలో ఆయన ఒకరు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను తీసుకుపోయిన రోగానికి అది మందయింది. ఆ సంగతి చూసేందుకు ఆయన బతికి ఉన్నారన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా కొంత ఊరట.

ఆ మందు కథ ఇండియాలోనే మొదలైందని కూడా చెప్పాలి. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఆ తర్వాత కూనూరులోనూ పనిచేసింది. ఈస్ట్‌తో చేసిన చవక పదార్థం మార్మైట్ ఆ రక్తహీనతను కుదుర్చుతుందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఫోలేట్. ఆమె పనిచేసిన కూనూరు పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి నేడు మన జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. పేద గర్భిణులను పరీక్షించడంతో మొదలైన ఈ జ్ఞానం పేద గర్భిణులకే ఆఖరున అందుతుండటం నన్ను బాధిస్తుంది.

సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే పదార్థాలను కూడా తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు దాన్ని ఇచ్చి కొంత ఉపశమనం సాధించి 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌కు రసాయన చికిత్సలో తొలి అడుగుల్లో అదొకటి. ఆ ఏడాదే ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. 1952లో థియెర్ష్ అనే వైద్యుడు మరో విషయం బయటపెట్టారు. గర్భం పోగొట్టడానికి అమినోప్టెరిన్ తీసుకున్నా గర్భం నిలిచినప్పుడు పుట్టిన బిడ్డల్లో తీవ్రమైన అవయవ లోపాలు కనిపించాయి. ఫోలేట్ దారి మూస్తే పిండం రూపం చెదురుతుందని మనుషుల్లో తొలిసారి స్పష్టంగా కనిపించింది అప్పుడే.

ఈ మాట విన్నాక ఫోలేట్ కణంలోకి ఎలా వెళ్తుందో అడగాలి. ఫోలేట్‌ను లోపలికి చేర్చే ఒక గ్రాహకం కణత్వచం మీద ఉంటుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచేది జీపీఐ లంగరు. గ్లైపికన్లను నిలిపే లంగరు అదే. 1999లో ఈ గ్రాహకం జన్యువు లేకుండా ఎలుకలను పుట్టించేందుకు ప్రయత్నిస్తే, పిండాలు నాడీనాళం మూసుకోకముందే నశించాయి. తల్లి ఎలుకకు ఫోలేట్‌ను మరో రూపంలో అధికంగా ఇచ్చినప్పుడు కొన్ని బతికాయి. గొట్టం మడతపడేటప్పుడు కణాలు వేగంగా విభజన చెందాలి. విభజనకు డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. సంకేతం ఎంత స్పష్టంగా అందినా, దానికి జవాబుగా పెరగడానికి కణం దగ్గర సామగ్రి ఉండాలి. ఫోలేట్ నాడీనాళాన్ని కాపాడే మార్గాలన్నిటినీ శాస్త్రం ఇంకా పూర్తిగా విడదీయలేదు గాని, కాపాడుతుందన్న విషయం మాత్రం ఇప్పుడు సందేహాతీతం.

అది తేలింది 1991లో. బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో, అంతకుముందు నాడీనాళ లోపమున్న బిడ్డను కన్న స్త్రీలపై అధ్యయనం జరిపింది. గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. మరుసటి ఏడాది హంగరీ నుంచి, 1999లో చైనా నుంచి, అంతకుముందు ఇలాంటి బిడ్డను కనని స్త్రీలలోనూ మేలు కనిపించిందన్న ఫలితాలు వచ్చాయి. చైనాలో రోజుకు 400 మైక్రోగ్రాములే ఇచ్చారు. లోపం ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో 79 శాతం, తక్కువగా ఉన్న దక్షిణ ప్రాంతంలో 41 శాతం తగ్గింది. 1998 నుంచి అమెరికాలో గోధుమ పిండిలో దీన్ని కలపడం తప్పనిసరి అయింది. ఈ అధ్యయనాలన్నిటిలో ఒక నియమం మారలేదు. మందు గర్భానికి ముందే మొదలుకావాలి.

ఈ నియమాన్ని చేత్తో పట్టుకుని మన కొండల్లో నడుద్దాం.

ఎర్ర మాత్రతో మొదలుపెడతాను. దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనతకు అది మంచి మందు. ఏఎన్ఎమ్మ ఊరికి వచ్చి, పరీక్ష చేసి, పేరు నమోదు చేసుకుని ఇచ్చేసరికి మూడో నెలో నాలుగో నెలో వచ్చి ఉంటుంది. నాడీనాళం విషయంలో ఆ మాత్ర ఇక చేయగలిగేది లేదు. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో గర్భానికి ముందు నుంచి తొలి త్రైమాసికం చివరిదాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని రాసి ఉంది. రాత సరైనదే. గర్భం కోసం ఎదురుచూస్తున్నానని ముందుగా వచ్చి చెప్పే స్త్రీకే అది అందుతుంది. గెడ్డలు దాటి, కొండలెక్కి ఇళ్లు ఉన్నచోట అలా వచ్చి చెప్పేవారు ఎందరుంటారు?

నీలి మాత్ర సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అందులోనూ 500 మైక్రోగ్రాములే, అదీ వారానికి ఒకసారి. నెలసరి వచ్చే వయసు స్త్రీలకు వారానికోసారి ఇచ్చే మాత్రలో 2800 మైక్రోగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. రోజుకు 400 చొప్పున ఏడు రోజులకు కూడితే ఆ సంఖ్యే వస్తుంది. మన మాత్ర అందులో ఐదో వంతు కూడా లేదు. ఆశ్రమ పాఠశాల వదిలిన ఏడాది రెండేళ్లలో పెళ్లి అయ్యే అమ్మాయిల చేతికి మన వ్యవస్థ క్రమం తప్పక అందించే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇదొక్కటే. ఆ మోతాదు పెంచడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగి అక్కర్లేదు. మాత్ర తయారీలో ఒక అంకె మారాలి. దీన్ని ఇన్నేళ్లు వాయిదా వేయడానికి సమంజసమైన కారణం నాకు కనిపించడం లేదు.

రేషన్ బియ్యంలో పోషకాలు కలిపే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం అలాంటి బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలి. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే స్త్రీకి దానివల్ల వచ్చేది 30 నుంచి 50 మైక్రోగ్రాములు. మేలే గాని చాలదు. ఈ నేల మీద పండే రాజ్మాలో ఫోలేట్ పుష్కలంగా ఉంది. పాడేరు, చింతపల్లి, అరకు సంతల్లో గుట్టలుగా పోసి అమ్మే ఆ గింజలు లారీల్లో మైదానానికి వెళ్తాయి. పండించినవారి ఇంట్లో ఎన్ని మిగులుతాయో ఈ సభలో ఉన్న టీచరమ్మలకు బాగా తెలుసు. ఆకుకూరల్లోనూ ఫోలేట్ ఉంది, ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే అది పోతుంది. వంటింటిలో చెప్పగలిగిన ఈ మాటను వంటింట్లోనే చెప్పాలి, చెబుతున్నవారు ఇక్కడ ఉన్నారు కూడా. ఆహారం ఒక్కటే నాడీనాళానికి కావలసిన స్థాయిని అందరిలోనూ నిలుపుతుందని మాత్రం శాస్త్రం చెప్పదు.

ఫోలేట్‌కు ఈ కొండల్లోని మరో రెండు రోగాలతోనూ సంబంధం ఉంది. మొదటిది సికిల్ సెల్. సికిల్ సెల్ ఉన్నవారిలో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి. వాటి చోట కొత్తవి పుట్టడానికి ఫోలేట్ అధికంగా ఖర్చవుతుంది. అలాంటి స్త్రీ గర్భవతి అయితే రెండు అవసరాలూ ఒకేసారి వస్తాయి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఇచ్చే కార్డును గర్భానికి ముందే చూసి ఫోలిక్ యాసిడ్ మోతాదు నిర్ణయించే అలవాటు మన వైద్యులకు రావాలి. రెండోది మలేరియా. ఫాల్సిపారం మలేరియా చికిత్సలో వాడిన సల్ఫాడాక్సిన్-పైరిమెథమీన్ జత పరాన్నజీవి ఫోలేట్ దారిని మూసి దాన్ని చంపుతుంది. సుబ్బారావు బృందం క్యాన్సర్ కణాన్ని అడ్డుకున్న దారి, మన్యం జ్వరాన్ని అడ్డుకున్న దారి ఒక్కటే. 5 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది, 400 మైక్రోగ్రాముల చిన్న మోతాదుతో ఆ ఇబ్బంది లేదు. మన్యంలో పనిచేసే ప్రతి వైద్య విద్యార్థీ ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

అయితే గర్భం తెలియకముందే, ఎవరూ వచ్చి అడగకముందే, ప్రతి ఇంటికీ అందేది ఏమిటి? నా జవాబు ఉప్పు. ఈ కొండల్లో తరతరాలుగా ధాన్యం, పసుపు, అడ్డాకు, తేనె, చింతపండు ఇక్కడే దొరికాయి. ఉప్పు మాత్రం తీరం నుంచి కనుమల మీదుగా రావలసి వచ్చింది. సంతలో అటవీ ఫలసాయాన్ని ఇచ్చి ఉప్పు తెచ్చుకోవడం ఈ ప్రాంత ఆర్థిక జీవనంలో ఎంతో పాత వ్యవహారం. ఆ మారకంలో గిరిజనులు మోసపోకూడదనే ఉద్దేశంతోనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని డిపోల ద్వారా నేడూ నిత్యావసరాలు అందుతున్నాయి. ఉప్పులో అయోడిన్ కలపడం ద్వారా గొంతువాపునూ పిల్లల మెదడు ఎదుగుదల లోపాన్నీ ఎదుర్కొనే పని దేశమంతటా ఇప్పటికే జరుగుతోంది. ఆ అయోడిన్ ఉప్పులోనే ఫోలిక్ యాసిడ్ కలిపి దక్షిణ భారత గ్రామాల స్త్రీలకు ఇచ్చినప్పుడు నాలుగు నెలల్లో వారి రక్తంలో ఫోలేట్ స్పష్టంగా పెరిగిందని 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ నాడీనాళ లోపాల నివారణకు ఆహారంలో పోషకాలు కలపాలని తీర్మానించింది. దారి తెరిచే ఉంది.

అందుచేత నేను ఈ వేదిక మీది నుంచి మూడు సంస్థలను కోరుతున్నాను. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ, గిరిజన సహకార సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ కలిసి కొన్ని మండలాల డిపోల్లో ఫోలిక్ యాసిడ్ కలిపిన అయోడిన్ ఉప్పును ఒక నిర్ణీత కాలం పాటు అమ్మి, ముందూ తర్వాతా స్త్రీల రక్తంలో ఫోలేట్‌ను కొలవాలి. బీ12 కూడా దానితో పాటు కొలవాలి. బీ12 లోపాన్ని ఫోలిక్ యాసిడ్ కప్పిపుచ్చే ప్రమాదం ఉంటుంది గనక. ఆ ఉప్పు రంగు, రుచి మారితే ఇంటివారు తిరస్కరిస్తారు. మొదట వారితో వండించి, తినిపించి, అడిగి తెలుసుకోవాలి. గ్రామసభ ఒప్పుకున్నాకే డిపోకు చేర్చాలి. ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఇంత చిన్న మార్పుకైనా ఆ మర్యాద తప్పదు.

ఆ కొలత నిజమైన కొలత కావాలంటే ముందు ఒక పుస్తకం కావాలి. ఈ కొండల్లో నాడీనాళ లోపంతో పుట్టి చనిపోయిన బిడ్డల లెక్క మన దగ్గర సరిగా లేదు. ఇంట్లో పుట్టి, ఇంటి వెనుకే పూడ్చిన బిడ్డ ఏ రిజిస్టరులోనూ చేరదు. గర్భస్థ శిశువు లోపాలను చూసే టిఫా స్కాన్‌లో లోపం బయటపడి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి పంపిన తల్లి వివరం అక్కడి కాగితాల్లో ఉంటుంది, ఇక్కడి ఉపకేంద్రంలో ఉండదు. ప్రతి ప్రసవంలోనూ, చనిపోయి పుట్టిన బిడ్డ విషయంలోనూ, తలనూ వెన్నునూ ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు రాసి, నెలకోసారి పాడేరుకు పంపే పని ఆశా కార్యకర్తలు, గర్భిణుల వసతి గృహాల నర్సమ్మలు చేయగలరు. పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు తమ తొలి పరిశోధనగా ఆ రాతలను ఒకచోట చేర్చగలరు. ఒక పేజీ నమూనా తయారుచేసి తెచ్చాను. సభ ముగిశాక అది మీ అందరికీ అందుతుంది. అందులో ఏ గడి మీ పనికి అడ్డొస్తుందో, ఏది చాలదో, మీ అనుభవంతో దిద్ది ఈ నెలాఖరులోగా తిరిగి పంపమని వేడుకుంటున్నాను.